బండి కదలనంటోందా? ముందు పెట్రోలు చూడండి!

ఆరు నెలలు హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గరుండి సొంతూరికి వచ్చారు ఓ రిటైర్డ్ మాస్టారు. ఇంట్లో అన్నీ పెట్టినచోటే ఉన్నాయి. బండి మాత్రం పలకలేదు. ఇరవై ఏళ్లుగా ఒక్క కిక్కుకే స్టార్టయిన మోటార్‌సైకిల్ అది. చోక్ లాగారు, కాలు నొప్పి పుట్టేదాకా కిక్కు కొట్టారు. లాభం లేకపోయింది. వీధి చివరి మెకానిక్ వచ్చి చూసి, ‘బోరుకొచ్చినట్టుంది సార్, ఇంజిను విప్పాలి’ అన్నాడు. ఖర్చెంతో విన్న కొడుకు ఫోన్లోనే తేల్చేశాడు... ‘పాత సామాన్లవాడికి ఇచ్చేయండి నాన్నా!’

నిజానికి నిన్నమొన్నటి దాకా చక్కగా తిరిగిన ఇంజిను, నీడపట్టున నిలబెట్టినంత మాత్రాన పాడైపోవడం అరుదు. చాలాసార్లు పాడయ్యేది అందులో మిగిలిపోయిన పెట్రోలే!

మిద్దె మీద ట్యాంకులాగే...

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు, స్కూటర్లలో చాలావాటికి కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందు కొన్న బండ్లలో చాలావాటికి కార్బురేటరే ఆధారం. పెట్రోలుతో నడిచే స్ప్రేయర్లు, కలుపు తీసే యంత్రాలు, రిసార్టుల్లో ఇసుక మీద తిప్పే నాలుగు చక్రాల పాత ఏటీవీలు... వీటిలోనూ ఎక్కువగా ఉండేది ఇదే.

మిద్దె మీద నీళ్ల ట్యాంకులో బంతి ఉంటుంది కదా! నీళ్లు నిండగానే అది పైకి తేలి ధారను ఆపేస్తుంది. కార్బురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నెలోనూ అంతే. అక్కడి బంతి పేరు ఫ్లోట్. గిన్నెలోని పెట్రోలు ‘జెట్’ అనే సన్నటి ఇత్తడి రంధ్రాల గుండా పైకొచ్చి, గాలితో కలిసి ఇంజిన్లోకి వెళ్తుంది. స్టార్టింగుకీ నెమ్మదిగా తిరగడానికీ పైలట్ జెట్, వేగానికి మెయిన్ జెట్.

బండి నెలల తరబడి నిలబడిపోతే పెట్రోల్లోని తేలికపాటి భాగం ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. గుండుసూది కూడా దూరని పైలట్ జెట్ మూసుకుపోవడానికి ఆ కాస్త చాలు. పైగా 2025 నాటికి దేశమంతటా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ మరీ ఎక్కువైతే అది నీటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. ఈ ఇంధనం కోసం తయారుచేయని పాత బండ్లలో రబ్బరు గొట్టాలూ, వాషర్లూ త్వరగా పాడయ్యే అవకాశమూ ఉంది.

ప్లగ్గు తడిగా ఉందా, పొడిగానా?

ఇంజిను తిరగాలంటే గాలి, పెట్రోలు, నిప్పురవ్వ మూడూ కావాలి. ఏది అందడం లేదో తెలుసుకోవడానికి ముందు ప్లగ్గును అడగాలి. పదిసార్లు కిక్కు కొట్టాక ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదన్నమాట. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైనా అయ్యుండాలి, నిప్పురవ్వ రాకపోయినా ఉండాలి. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొడితే ఎక్కువైన పెట్రోలు పోతుంది.

పొడిగా ఉంటే ట్యాంకు నుంచి కిందికి ఒక్కొక్కటే చూసుకుంటూ రావాలి. చేత్తో తిప్పే ట్యాప్ ఉన్న బండయితే, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి ట్యాప్ తిప్పండి. ధార సన్నగా వస్తుంటే ట్యాపులోనో ఫిల్టర్‌లోనో తుప్పూ చెత్తా చేరినట్టే. ధార బాగానే ఉంటే పైపు తగిలించి, కార్బురేటర్ గిన్నె అడుగున ఉండే స్క్రూ వదులుచేసి అందులోదీ సీసాలోకి దింపండి. అడుగున నీటి పొర కనిపించినా, రంగు ముదిరి వార్నిష్ వాసన కొట్టినా దొంగ దొరికినట్టే!

బండి చెప్పే గుర్తులు

* చోక్ లాగితేనే నడుస్తూ, తీయగానే ఆగిపోతుంటే పైలట్ జెట్‌ను అనుమానించాలి.

* నెమ్మదిగా బాగానే వెళ్తూ, వేగం పెంచితే ఎగిరెగిరి పడుతుంటే మెయిన్ జెట్ లేదా ఫిల్టర్ సంగతి చూడాలి.

* కొంతదూరం వెళ్లి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంటే ట్యాంకు మూత తీయండి. ‘బుస్’మని గాలి లోపలికి పోయి బండి నడిచిందంటే మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం.

* కింది గొట్టంలోంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోట్ దగ్గరి నీడిల్ వాల్వులో చెత్త ఇరుక్కుందేమో. వెంటనే ట్యాప్ ఆపేయాలి. అలా వదిలేస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇవి మాత్రం వద్దు

పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు పీల్చడం చాలామందికి అలవాటు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాల మీదికొస్తుంది. ఈ పనులన్నీ ఆరుబయట, ఇంజిను చల్లారాకే చేయాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ, సిగరెట్ ఉండకూడదు. పిల్లల్ని రానివ్వకూడదు. పెట్రోలు తీసిన చోట నిప్పురవ్వ పరీక్ష అసలే వద్దు. జెట్‌లో సూది గుచ్చితే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది. కార్బురేటర్ విప్పడం, క్లీనర్ స్ప్రేతోనో గాలి కొట్టో శుభ్రం చేయడం తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి. తీసిన పెట్రోలు కాలవలో పోయకుండా అతనికే ఇవ్వండి.

ఊరెళ్లేముందు...

నెలకు మించి వెళ్తుంటే ట్యాప్ ఆపేసి, ఇంజిను దానంతటది ఆగేదాకా తిరగనివ్వండి. గిన్నెలో పెట్రోలు దాదాపు ఖాళీ అవుతుంది. రెండు నిమిషాల పని, ఎంతో ఖర్చు మిగులుస్తుంది.

మాస్టారి సంగతేమైందంటారా? ఇంజిను విప్పే ముందు మరో మెకానిక్‌ను పిలిచారు. అతను ప్లగ్గు చూశాడు, గిన్నెలోది సీసాలోకి దింపాడు. టీ డికాక్షన్‌లా ఉందది! జెట్లు శుభ్రం చేసి, ట్యాంకు కడిగి, కొత్త పెట్రోలు పోశాడు. మూడో కిక్కుకు బండి అందుకుంది. మాస్టారు ఫోన్ తీసి కొడుక్కి కలిపారు. ఏమీ మాట్లాడకుండా ఫోన్‌ను సైలెన్సర్ దగ్గర పెట్టారు!