పార్సిలు పొట్లమూ, నడుము కొలతా

రక్తపోటును గురించి ఈ శీర్షికలో వ్రాసిన పిమ్మట మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. బరువు తగ్గమని వైద్యులు చెప్పారు, అన్నం తగ్గించాము, నడక మొదలుపెట్టాము, కాని వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చే చైనా పార్సిలును మాత్రం వదులుకోలేకపోతున్నాము, అది పూర్తిగా మానవలసిందేనా అని. చరోదా నుండి ఒక సోదరి మరికొంత సూటిగా వ్రాశారు. "మావారు రెండవ షిఫ్టు దిగి రాత్రి పదకొండు గంటలకు నూడుల్సు పొట్లంతో వస్తారు. వద్దంటే ఆయన ముఖం చిన్నబోతుంది. ఊరుకుంటే ప్యాంటు బిగుతవుతోంది. ఏం చేయమంటారు?"

మానవలసిన పని లేదన్నదే మా అభిప్రాయం. అయితే ఆ పొట్లంలో ఏమున్నదో, దానిని మనం ఏ లెక్కలో వేసుకుని తింటున్నామో కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది.

ఇతర యూనిట్లలోని పాఠకుల కొరకు చరోదాను గురించి రెండు మాటలు. హౌరా–ముంబయి ప్రధాన రైలుమార్గం మీద రాయపూర్‌కు, దుర్గ్‌కు నడుమ, భిలాయి మార్షలింగ్ యార్డును ఆనుకుని ఉన్న ఊరిది. బి.ఎం.వై. అన్నా, చరోదా అన్నా ఇక్కడివారికి ఒకటే. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం 1931లో పూర్తయిన తరువాత ఉత్తరాంధ్ర నుండి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారికి దారి సులువయినది. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమయిన పిదప ఆ రాకపోకలు మరింత పెరిగాయి. అందుచేతనే ఈనాటికీ చరోదా క్వార్టర్లలో ఒక వంటింట్లో పులుసు మరుగుతుంటే, పక్క వంటింట్లో ఛత్తీస్‌గఢీ ఫరా ఆవిరి మీద ఉడుకుతుంటుంది. ఈ రెంటి నడుమ, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రోడ్డు పక్క ఠేలాల మీద నల్లని బాణలులు మంటకెక్కుతాయి. వెల్లుల్లి, క్యాబేజీ, సోయా సాస్ కలిసిన ఆ వాసన ముందు ఎంతటి ఉపవాస దీక్షయినా కొంత సడలుతుందనుటలో సందేహం లేదు.

దీనిని మనం చైనా వంట అంటున్నాము గాని, ఇది పుట్టినది మన దేశంలోనే. పద్దెనిమిదవ శతాబ్దపు చివరిలో టోంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తా సమీపాన బజ్‌బజ్ దగ్గర చక్కెర మిల్లు పెట్టాడు. ఆ చోటు నేటికీ అతని పేరుమీదనే అచీపూర్ అని పిలువబడుతున్నది. తరువాత వచ్చిన చైనీయులు, ముఖ్యంగా హక్కా ప్రజలు, కలకత్తాలోని టిరెట్టా బజారులోను, తోళ్ళ పరిశ్రమకు పేరుపొందిన టాంగ్రాలోను స్థిరపడ్డారు. వారి వంట మన పచ్చిమిర్చితోను, అల్లంవెల్లుల్లితోను చెలిమి చేసి కొత్త రూపు తాల్చినది. చరోదా మీదుగా పోయే రైలుమార్గపు ఆ కొసనే ఈ కథంతా జరిగినది. ఇక మంచూరియా వయస్సు మరీ తక్కువ. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దానిని మొదట వండినట్లు చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేసి, గరంమసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ కలిపాడట. చైనాలోని మంచూరియా ప్రాంతం వారికి ఈ వంటకంతో ఏ సంబంధమూ లేదు. పేరు చూసి పరాయిదని బెదరవలసిన పని లేదు, పరాయిదని మురియవలసిన పనీ లేదు. ఇది మన పకోడీకి పినతల్లి బిడ్డ.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము. వండిన నూడుల్సు 100 గ్రాములకు ఇంచుమించు 140 కేలరీలు. ఒక నిండు ప్లేటులో 300 గ్రాములు ఉన్నవనుకుంటే 420 అయినవి. ఉడికించిన నూడుల్సు ఒకదానికొకటి అంటుకొనకుండా ఠేలా వారు ముందే నూనె పట్టించి ఉంచుతారు. బాణలిలో మళ్ళీ నూనె పోస్తారు. రెండూ కలిపి మూడు పెద్ద చెంచాలయినా అవుతుంది. ఒక్కొక్క పెద్ద చెంచా నూనెకు 120 కేలరీలు చొప్పున 360. మొత్తం 780. కంటికి కనిపించే నూడుల్సుకు దాదాపు సమంగా కంటికి కనిపించని నూనె కూర్చున్నదన్నమాట. డెబ్బై కిలోల బరువున్న మనిషి చురుకుగా గంటసేపు నడిస్తే కరిగేది 250 నుండి 300 కేలరీలు మాత్రమే. మంచూరియా సంగతి ఇంతకంటె గడుసుది. కూరగాయల తురుము మైదాలోను, కార్న్‌ఫ్లోర్‌లోను కలిసి నూనెలో మునిగి, తేలి, మళ్ళీ నూనె వేసిన గ్రేవీలో పడుతుంది. కూరగాయలే కదా అని మనస్సును సమాధానపరచుకోవటం వలన లాభం లేదు.

కాని 780 కేలరీలు ఒక పూట భోజనంగా చూస్తే ఘోరమైన అంకె కాదు. శారీరక శ్రమ చేసే మనిషి ఒక పూట అంత తినటం వింత కాదు. మరి బరువు ఎక్కడ పెరుగుతున్నది? మా పరిశీలనలో తేలినది ఇది. మన తెలుగు ఇళ్ళలో చైనా పార్సిలు ఇంకా భోజనంగా పరిగణింపబడటం లేదు, చిరుతిండి లెక్కలోనే ఉన్నది. నూడుల్సు ప్లేటు ముగించి, చేతులు కడుగుకుని, "ఇంత పెరుగన్నం పెట్టు, అన్నం తినకపోతే తిన్నట్టుండదు" అనే గృహస్థులు ఎందరో! ఇల్లాలు అప్పటికే వండి మూతపెట్టిన పప్పు, కూర ఉండనే ఉన్నవి. వాటిని పారవేయటానికి ఆమె చేతులు రావు. పెద్దవారున్న ఇంట్లో అయితే, "ఆ దారాలు తిని పడుకుంటావా నాయనా, కడుపులో కాస్త అన్నం పడనీ" అన్న మాట తప్పదు. ఆ విధంగా ఒకే రాత్రి రెండు భోజనాలు జరిగిపోతున్నవి. నింద మాత్రం నూడుల్సుకు వస్తున్నది.

కనుక చరోదా సోదరికి మేము ఇచ్చే మొదటి సలహా, పొట్లాన్ని ఆపవద్దు, దాని హోదా పెంచండి అని. ఏ రోజు పార్సిలు వస్తుందో పగలే అనుకోండి. ఆ రాత్రికి అన్నం వండవద్దు. ఒక ప్లేటు ఇద్దరు పంచుకోండి. పక్కన కీరదోస, టమాటా, ముల్లంగి ముక్కలు పళ్ళెంలో సగానికి తగ్గకుండా పెట్టండి. పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మాటే. పొట్లం వచ్చేవరకు కడుపు కాల్చుకోవద్దని మీ వారికి కూడా చెప్పండి. షిఫ్టు మధ్యలో కొన్ని ఉడికించిన శనగలో, ఒక పండో తిన్న మనిషి రాత్రి ఠేలా ముందు నిలబడినప్పుడు హాఫ్ ప్లేటు అడగగలడు. ఖాళీ కడుపు ఎప్పుడూ ఫుల్ ప్లేటే అడుగుతుంది.

ఠేలా వద్ద మాట్లాడటం కూడా ఒక విద్యే. మన ఎదుటే వండుతాడు గనుక చెప్పించుకోవటానికి అతనికి అభ్యంతరం ఉండదు. "భయ్యా, తేల్ కమ్, సబ్జీ జ్యాదా" అన్న నాలుగు మాటలు చాలును. మంట పెద్దదిగా ఉన్న బాణలిలో తక్కువ నూనెతోనే వంట చక్కగా వస్తుంది. గుడ్డు వేయించుకుంటే డెబ్బై కేలరీలు పెరిగినా ఆరు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, ఆకలి త్వరగా తిరిగి రాదు. సూపు కావలసినవారు పల్చని సూపు అడగవచ్చు. మాంచో సూపులో కార్న్‌ఫ్లోర్ చిక్కదనమూ, పైన చల్లే వేయించిన నూడుల్సూ ఉంటాయని గుర్తుంచుకుంటే చాలును. మంచూరియా తినాలనిపిస్తే ఇంటిల్లిపాదికి ఒక ప్లేటు తెచ్చుకుని తలా రెండు ఉండలు తినండి. ఎర్రగా మెరిసిపోయే ఉండలకు మాత్రం దూరంగా ఉండమంటాము. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించినది ఊరకనే కాదు. నల్లబడి నురగ కట్టిన నూనె కనబడినా వెనుదిరగండి. మరిగిన నూనెను ఎంతవరకు వాడవచ్చునో ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుండి పరిమితి విధించినది. ఆ పరీక్ష పరికరాలు మన వద్ద ఉండవు, కండ్లు ఉన్నవి. పొగలు క్రక్కే సూపును పలుచని ప్లాస్టిక్ సంచిలో పోయించుకోవటం మాకు ఎన్నడూ నచ్చలేదు. డ్యూటీకి తీసుకుపోయే స్టీలు డబ్బా చేతిలోనే ఉన్నది కదా!

అజినమోటోను గురించి అడగని ఉత్తరం లేదు. టోక్యో శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు నుండి వేరుచేసిన రుచి అది. దాని వలన తలనొప్పి వస్తుందన్న ప్రచారం 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో మొదలయినది. తరువాతి పరీక్షలలో, మామూలుగా తినే మోతాదుకు ఆ ఫలితం నిలకడగా కనిపించలేదు. బరువు తగ్గదలచినవారు దానికి భయపడి, నూనెను, ఉప్పును మరచిపోవటం తగదు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజుకు అయిదు గ్రాములు మించరాదని వైద్యుల మాట. రక్తపోటు ఉన్నవారు సోయా సాస్ విషయంలో మొగమాటం లేకుండా "కమ్" అనవలసినదే.

ఈ ఉప్పుకు మరొక చిలిపితనం ఉన్నది. పార్సిలు తిన్న మరునాడు ఉదయం త్రాసు ఎక్కితే కిలో వరకు పెరిగినట్లు కనబడుతుంది. అది కొవ్వు కాదు, అధిక భాగం ఉప్పు పట్టి ఉంచిన నీరు. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఇంచుమించు 7,700 కేలరీలు మిగలాలి. ఒక పొట్లంతో అది అయ్యే పని కాదు. రెండు మూడు రోజులలో ఆ నీరు పోతుంది. ఇది తెలియక, "ఇంత కష్టపడినా పెరిగింది, ఇక ఎందుకు" అని నడక కూడా మానివేసినవారిని మేము ఎరుగుదుము. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయాన పరగడుపున తూచుకుంటే ఈ దిగులు ఉండదు.

అసలు తగ్గవలసినది ఎవరో కూడా చూడాలి. మన దేశీయుల శరీరతత్త్వాన్ని బట్టి దేహ సూచిక 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్యులు 2009లో నిర్ణయించారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఇవి దాదాపు 63, 68 కిలోలు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. దేశంలో పది కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్లు 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తెలిపినది. రాత్రి షిఫ్టులు మారుతూ పనిచేసే మన సోదరులకు ఈ ముప్పు సాధారణ ఉద్యోగులకంటె కొంత ఎక్కువే. అందుకని బెదరవలసిన పని లేదు. మధుమేహపు అంచున ఉన్నవారిని మూడేళ్ళు గమనించి చెన్నై వైద్యులు 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఆహారం, నడక మార్చుకున్నవారిలో వ్యాధి రాక నాలుగవ వంతుకు పైగా తగ్గినది. విశేషమేమంటే వారి బరువులో చెప్పుకోదగిన మార్పు రాకుండానే ఆ మేలు కలిగినది.

ఇంట్లో చేసుకోదలచిన గృహిణులకు కొలతలు ఇస్తున్నాము. నలుగురికి 200 గ్రాముల ఎండు నూడుల్సు, అర కిలో కూరగాయలు. క్యాబేజీ, క్యారెట్టు, బీన్సు, ఉల్లికాడలు ఏవయినా సరే, సన్నగా పొడవుగా తరగాలి. నూడుల్సు కొంచెం పలుకుండగానే వార్చి చన్నీళ్ళతో కడిగితే, నూనె పట్టించకుండానే విడివిడిగా ఉంటాయి. బాగా కాగిన ఇనుప బాణలిలో రెండు పెద్ద చెంచాల నూనె మాత్రమే వేసి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఆపై కూరగాయలు పెద్ద మంట మీద మూడు నిమిషాలు త్రిప్పాలి. రెండు గుడ్లు పగులగొట్టి ఒక పక్కన పొరటి కలపాలి. నూడుల్సు వేసిన తరువాత ఒక పెద్ద చెంచా సోయా సాస్, కొంచెం వెనిగరు, మిరియాల పొడి. ఉప్పు రుచి చూసిన పిదపనే వేయండి, చాలా వరకు అవసరమే పడదు. ఒక్కసారే అంతా బాణలిలో పోస్తే నీరు ఊరి ముద్దవుతుంది, రెండు విడతలుగా చేసుకోండి. రెండవ షిఫ్టు వారి వాటా కూరగాయలు, నూడుల్సు విడిగా ఉంచి, వారు వచ్చాక వేడిగా కలపటానికి అయిదు నిమిషాలు చాలును.