చలికాలమున డీజిలుకు మందు వలయునా?



మార్గశిర, పుష్య మాసములలో దోమ, పరిగి, తాండూరు ప్రాంతములందు తెల్లవారుజామున చలి ముదురును. సరిగా ఆ రోజులలోనే కంది కోతలు, నూర్పిళ్లు, యాసంగి దమ్ములు ఒకదానిపై ఒకటి వచ్చి పడును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఇల్లు చేరవలసిన కాలమది. అట్టి సమయమున ట్రాక్టరు ఒక పూట మొరాయించినచో కూలీలు కల్లములో ఊరక కూర్చుందురు. కూలి మాత్రము ఇవ్వక తప్పదు. ఈ అవసరమును కనిపెట్టియే "డీజిలులో ఇది ఒక మూత పోయండి, ఇంజను వెంటనే అందుకొనును" అని చిన్న సీసాలు అమ్మువారు కలరు. ఆ సీసా మన ప్రాంతమునకు అవసరమా? అవసరము లేదని నా అభిప్రాయము. కారణములు చెప్పెదను, మీరే తూచి చూచుకొనండి.

ముందుగా చలికి డీజిలు ఏమగునో తెలిసికొనవలెను. డీజిలులో సహజముగా కొంత మైనము కరిగియుండును. చలి పెరిగినకొలది ఆ మైనము సన్నని పలుకులుగా విడివడి ఫిల్టరును మూసివేయును. ఇంకను చలి ఎక్కువైనచో డీజిలు పేరిన నేయి వలె అగును. చలికాలపు మందు చేయు పని ఒక్కటే: ఆ పలుకులను పెద్దవి కానీయక చిన్నవిగా ఉంచును. అదియు మైనము విడివడుటకు ముందే కలిపినప్పుడే. పేరిన తరువాత పోసిన మందు దానిని కరిగింపజాలదు.

ఈ మందు పనికిమాలినదని నేను అనుట లేదు. లడఖ్ వంటి చోట్ల చలికాలమున మామూలు డీజిలు గడ్డకట్టును. అందుకే 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ ఆ ప్రాంతమునకు ప్రత్యేక డీజిలును ప్రవేశపెట్టినది. అది సున్నాకు దిగువ 33 డిగ్రీల వరకు పారును. అక్కడ అది ప్రాణావసరము. మరి దోమలో?

మన దేశపు ప్రమాణము ప్రకారము నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అమ్ము డీజిలు 6 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఫిల్టరు గుండా సాగవలెను; 3 డిగ్రీల వరకు పారవలెను. మన జిల్లాలో 10 డిగ్రీలకు దిగువకు పడు రాత్రులు కలవు. 5, 6 డిగ్రీలను తాకు తెల్లవారుజాములు అరుదు. అదియు కొద్ది గంటలు మాత్రమే. టాంకీ నిండుగా ఉన్న డీజిలు గాలి చల్లబడినంత త్వరగా చల్లబడదు. కాబట్టి చలికాలమున బంకులో కొన్న డీజిలుకు మరల మందు పోయుట నిండిన కుండలో నీరు పోయుటయే.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. మిగిలిన నెలలలో అమ్ము డీజిలుకు ఈ హద్దులు 18 డిగ్రీలు, 15 డిగ్రీలు. అక్టోబరులో డ్రమ్ములలో నింపి ఉంచిన డీజిలును పుష్యమాసమున వాడినచో ఫిల్టరు మూసుకొనుటకు అవకాశము కలదు. దీనికి విరుగుడు సీసా కాదు. పాత డీజిలును ముందుగా వాడుకొని, నవంబరు తరువాత కొత్తది కొనవలెను.

మరి ఉదయమున ఇంజను ఎందుకు అందుకొనదు? చాలమారులు తప్పు డీజిలులో ఉండదు. చలికి బ్యాటరీ శక్తి తగ్గును. ఇంజను ఆయిలు చిక్కబడి తిరుగుట బరువగును. ఈ రెండును ఒకేసారి జరుగును. కావున చలి రాకముందే బ్యాటరీ నీరు, తీగల బిగింపు చూడవలెను. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన గ్రేడు ఆయిలునే వాడవలెను. గాలి ఫిల్టరు దుమ్ము దులుపవలెను. డీజిలు గొట్టములలో గాలి చొరబడుచున్నదేమో పరీక్షించవలెను.

రెండవ శత్రువు నీరు. సగము ఖాళీ టాంకీలోని గాలి రాత్రి చల్లబడి, అందలి తేమ నీటిచుక్కలై డీజిలు అడుగున చేరును. అది పంపును, నాజిళ్లను త్రుప్పు పట్టించును. సాయంకాలము పని ముగియగానే టాంకీ నింపుడు. ఫిల్టరు క్రింది మరను వదులు చేసి నీటిని తీసివేయుడు. ఇందుకు కాసు ఖర్చు లేదు.

కొందరు కిరోసిన్ గాని, పెట్రోలు గాని కలుపుదురు. ఇది మిక్కిలి ప్రమాదము. 2020 ఏప్రిల్ నుండి అమ్ము డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు మించదు. గంధకము తీయునప్పుడు డీజిలు జిగురు తగ్గును గనుక, అరుగుదలను ఆపు మందును కంపెనీవారే కలుపుదురు. పలుచని కిరోసిన్ పోసినచో ఆ రక్షణ పోయి పంపు అరిగిపోవును. పెట్రోలు కలిపినచో అగ్నిప్రమాదము. టాంకీ క్రింద మంట పెట్టుట అంతకన్న ఘోరము. ఫిల్టరు నిజముగా పేరినచో వేడినీటిలో తడిపిన గుడ్డ చుట్టుడు, లేదా ఎండ వచ్చువరకు ఆగుడు.

"మందు పోసిన నాడు ఇంజను అందుకొనినది గదా" అని మీరనవచ్చును. త్వరగా మండునట్లు చేయు మందులు కొన్ని ఉన్నమాట నిజమే. కాని మన డీజిలుకు ఆ గుణము ప్రమాణములోనే కొంత విధింపబడియున్నది. సీసా తెచ్చి పోయునప్పటికి ప్రొద్దెక్కియుండును; ఎండ చేసిన మేలును సీసా ఖాతాలో వ్రాసికొనరాదు. పైగా తయారీదారు ఒప్పుకొనని మందు వాడినచో గ్యారంటీ చెల్లకపోవచ్చును. అమ్మువానిని ఒక్క ప్రశ్న అడుగుడు: "ఇది ఎన్ని డిగ్రీల చలికి? మా ట్రాక్టరు పుస్తకములో దీని పేరున్నదా?" సమాధానము రానిచో సీసాను అక్కడనే ఉంచి రండి.

సీసాకు పెట్టు సొమ్ముతో ఏటేట ఒక మంచి డీజిలు ఫిల్టరు కొనుడు. చలికి ముందు ఒక పూట ఇంజను వద్ద గడపుడు. నూర్పిళ్ల నాడు కల్లము ఆగదు.