పొరల చిత్రం - పొదుపు వివేకం

పొదుపు వేరు, పిసినారితనం వేరు. ఉన్నదానిని అవసరమెరిగి వాడుకోవడం పొదుపు. రేపటి అవసరాన్ని ఈనాడే వదులుకోవడం అవివేకం. ఈ భేదం ధనధాన్యాల విషయంలోనే కాదు, కంప్యూటర్‌లో రూపుదిద్దుకొనే చిత్రాల విషయంలోనూ పాటించదగినది. శుభలేఖలు, పుస్తకాల ముఖచిత్రాలు, కూడళ్లలో వెలిసే ఫ్లెక్సీలు ఎక్కువగా పొరలు పొరలుగానే తయారవుతున్నాయి. ఆ పొరలే చిత్రానికి బలం, ఆ పొరలే ఫైలుకు భారం. ఏ భారాన్ని దించుకోవాలో, దేనిని మోయక తప్పదో తెలుసుకోవడమే ఇక్కడ విజ్ఞత.

పొర అంటే పారదర్శకమైన గాజు పలక వంటిది. ఒక పలకపై నేపథ్యం, మరొకదానిపై ఛాయాచిత్రం, ఇంకొకదానిపై అక్షరాలు ఉంచి, అన్నింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తే ఒకే చిత్రంగా కనిపిస్తుంది. 1990లో వెలువడిన ఫోటోషాప్‌లో ఈ సదుపాయం మొదట లేదు. 1994లో వచ్చిన మూడవ రూపంలో పొరలు ప్రవేశించాయి. నాటి నుండి ఒక భాగాన్ని తాకకుండా మరొక భాగాన్ని దిద్దే స్వేచ్ఛ చిత్రకారునికి లభించింది.

ఈ స్వేచ్ఛకు మూల్యం ఉంది. ఎ4 కాగితమంత చిత్రాన్ని అంగుళానికి 300 బిందువుల చొప్పున రూపొందిస్తే అందులో సుమారు 87 లక్షల బిందువులుంటాయి. ఒక్కొక్క బిందువుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వర్ణాల కోసం మూడు బైట్లు కావాలి. వెరసి 2 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే దాదాపు 25 మెగాబైట్లు. ఇది ఒక్క పొర లెక్క. పూర్తిగా నిండిన పొరలు పది ఉంటే, కుదింపునకు ముందు ఆ భారం పదింతలవుతుంది. ఖాళీగా ఉన్న భాగాలు మాత్రం భద్రపరిచేటప్పుడు బాగా కుదించుకుపోతాయి.

ఈ భారానికి జడిసి కొందరు పని ముగియగానే పొరలన్నింటినీ ఒకటిగా అతికించివేస్తారు. ఫైలు చిక్కిపోతుంది, మనసు కుదుటపడుతుంది. మరునాడు పెళ్లివారు వచ్చి ముహూర్తం వేళ మారిందనో, వధువు పేరులో దీర్ఘం తప్పిందనో చెబుతారు. అప్పుడు దిద్దడానికి అక్కడ అక్షరాలు ఉండవు, అక్షరాల ఆకారంలో ఉన్న రంగు చుక్కలు మాత్రమే ఉంటాయి. పనిని మళ్లీ మొదటి నుండి చేయవలసిందే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం వంటిదే ఈ పొదుపు.

డిస్కులు చౌకగా దొరుకుతున్నప్పుడు పరిమాణం గురించి చింత ఎందుకని మరికొందరి వాదం. ఈ వాదంలో సగమే సత్యం. ఫైలును దాచడానికి డిస్కు చాలవచ్చు. కాని దానిని తెరవడానికి జ్ఞాపకశక్తి, పంపడానికి కాలం కావాలి. ఇంతేకాదు, పీఎస్‌డీ రూపంలోని ఫైలు రెండు గిగాబైట్లకు మించరాదు. చిత్రం ఏ వైపునా 30,000 బిందువులు దాటరాదు. పది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు గల ఫ్లెక్సీని అంగుళానికి 300 బిందువులతో చేయబూనితే వెడల్పే 36,000 బిందువులవుతుంది. దూరం నుండి చూసే ఆ చిత్రానికి 72 బిందువులు చాలు. ఈ ఒక్క నిర్ణయంతో భారం 17 రెట్లకు పైగా తగ్గుతుంది.

కనుక తగ్గించవలసినది పొరలను కాదు, వ్యర్థాన్ని. కన్ను మూసి దాచిన పొర కంటికి కనిపించకపోయినా ఫైలులో చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. చిత్రపు అంచులు దాటి బయటికి పోయిన భాగాలూ అంతే. అక్కరలేనివని తేలిన తరువాత వాటిని తొలగించాలి. వెలుగునీడలు మార్చడానికి ఛాయాచిత్రానికి నకలు పొర చేయనక్కరలేదు. సర్దుబాటు పొరను వాడితే చాలు. అందులో ఉండేది ప్రధానంగా సూచనలే కాబట్టి దాని భారం స్వల్పం.

అన్నింటికంటే ముఖ్యమైనది మూలాన్నీ ప్రతినీ వేరుగా చూడడం. పొరలతో కూడిన మూలాన్ని భద్రపరచి, పంపవలసినప్పుడు చిన్న ప్రతిని వేరే పేరుతో చేసుకోవాలి. జేపెగ్ వంటి రూపం పంపడానికి అనుకూలమే కాని, అందులో పొరలు నిలవవు. దిద్ది భద్రపరిచిన ప్రతిసారీ నాణ్యత కొంత క్షీణిస్తుంది కూడా.

రైతు పంటనంతా అమ్మడు, విత్తనానికి కొంత దాచుకుంటాడు. పొరల మూలం చిత్రకారునికి అటువంటి విత్తనం. గాదెలో చోటు చాలనప్పుడు ఊడ్చిపారవేయవలసినది పొట్టునే గాని విత్తనాన్ని కాదు.