అతిక్రమణ ఎవరిది?

మొన్న మా మేడిపల్లిలో ఒక అధ్యాపక మిత్రుడు నాతో వాదానికి దిగాడు. "ప్లాట్ల గొడవ ఇంటి యజమానుల గొడవ. అది మధ్యతరగతి స్వార్థం. అందులో అభ్యుదయ రచయితలకేం పని?" అన్నాడు. తన మాటకు బలంగా ఎంగెల్సును తెచ్చాడు. కార్మికుణ్ణి చిన్న ఇంటికి సొంతదారును చేసినంత మాత్రాన సమస్య తీరదనీ, ఆ ఇల్లే అతన్ని పెట్టుబడిదారు గుప్పిట్లో కట్టివేస్తుందనీ 1872లో గృహసమస్యపై రాస్తూ ఎంగెల్సు హెచ్చరించిన మాట నిజమే. కాని ఆయన దుయ్యబట్టింది ఆ పరిష్కారాన్ని. ఇల్లు కట్టుకున్న కార్మికుణ్ణి కాదు. ఈ తేడా మరచినవారికి నా జవాబు ఇది.

జగిత్యాల, కోరుట్ల నడుమ రోడ్డు పక్క పొలాలు ప్లాట్లవుతున్నాయి. వాటిని కొంటున్నదెవరు? గల్ఫు ఎండలో మాడినవాడు. ఇక్కడ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే అతని భార్య. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడి తల్లి అలాంటిదే. ఇంటి అనుమతికి ఆమె దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ఒక కార్యాలయంలో "మీది అక్రమ లేఅవుట్" అని తిప్పి పంపారు. "రిజిస్ట్రీ నాడు పైసలు తీస్కున్నరు గద సార్. అక్రమమని గప్పుడు తెల్వదా?" అని ఆమె నన్నడిగింది. నేను తల దించుకున్నాను.

స్టాంపు సుంకం పుచ్చుకొని దస్తావేజు మీద ముద్ర వేసింది ప్రభుత్వం. 2020 ఆగస్టు 26న అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపిందీ ప్రభుత్వమే. అయిదు రోజులు తిరిగేసరికి, 31న, 131వ నంబరు ఉత్తర్వుతో ఎల్.ఆర్.ఎస్. అనే క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఇన్ని లక్షల మంది ఒకే రకంగా తప్పు చేశారంటే ఆ తప్పు మనుషుల్లో ఉన్నదా, ఏర్పాటులో ఉన్నదా?

ఉత్తర్వు లోపలికి చూడండి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. మూడు లక్షల ప్లాటుకు 42 వేలు. పార్కును మింగినవాడు వ్యాపారి. పార్కు ఖరీదు చెల్లించేది కొనుక్కున్న మనిషి. చెల్లించిన తరువాతనైనా పిల్లలు ఆడుకునే జాగా వస్తుందా? రాదు. అదీగాక, ఆ గడువు నాటికి పదో వంతు ప్లాట్లు రిజిస్టరు చేసి అమ్మితే చాలు, మిగిలిన వాటికీ క్రమబద్ధీకరణ కోరే దారి వ్యాపారికి ఉంది. అతడు కట్టే రుసుము రేపు ప్లాటు ధరలో కలిసి మళ్లీ కొనేవాడి నెత్తినే పడుతుంది.

ప్రతిపక్షంలో ఉండగా కాంగ్రెసు దీన్ని ఉచితంగా చేయాలన్నది. అధికారంలోకి వచ్చి 2025లో 25 శాతం తగ్గించింది. తగ్గింపు అంగట్లో సరుకుకు ఉంటుంది గాని, న్యాయానికి ఉంటుందా?

1920లలో అమెరికా ప్రభుత్వం రాష్ట్రాలకు ఒక నమూనా జోనింగు చట్టం పంపింది. నిబంధనను అక్షరాలా అమలు చేస్తే అనవసరమైన కష్టం కలిగేచోట, బహిరంగ విచారణ జరిపి మినహాయింపు ఇవ్వవచ్చునని అందులో ఉంది. ఆ దేశంలో జోనింగు పేదలను దూరంగా ఉంచే గోడగా పనిచేసిందని మనకు తెలుసు. అయినా ఆ చట్టం ముందుగా అడిగింది కష్టాన్ని గురించి. మన పథకం అడిగేది గజం ధర ఎంత అని.

నివాస ప్రాంతం వేరు, పని ప్రాంతం వేరు అని పటం మీద రంగులు పూసేవారు సిరిసిల్లలో ఇంటినంటుకొని మోగే మరమగ్గాన్ని చూశారా? గడపలో బీడీల చాట ఒడిలో పెట్టుకున్న తల్లిని చూశారా? వీరికి ఇల్లే కార్ఖానా.

అలాగని నిబంధనలే వద్దనే అరాచకవాదం నాది కాదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలని 2012 నాటి నిబంధనలు చెబుతాయి. అక్కడ మినహాయింపు ఎవరికీ వద్దు. శిఖం భూమిలో కట్టిన పాపం వాన రాగానే మొదట పేదవాని గుడిసెలోకే నీళ్లయి చేరుతుంది.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ఖాళీ స్థలం ఖరీదు లేఅవుట్ వేసినవాడి నుండి రాబట్టాలి. వసూలైన డబ్బు ఆ లేఅవుట్‌లోనే ఖర్చు కావాలి. ప్రతి మినహాయింపూ గ్రామసభలో కారణంతో సహా చదివి వినిపించాలి.

1978 సెప్టెంబరులో జైత్రయాత్ర నడిచిన జగిత్యాల నేల ఇది. నాడు ఈ నేల దొరల చేతిలోని భూమిని ప్రశ్నించింది. నేడు అదే భూమి గజాల్లోకి వచ్చింది. విద్యార్థి మిత్రులారా, మీ ఊరి లేఅవుట్ పటం తెప్పించుకొని చదవండి. ఉపాధ్యాయులారా, దరఖాస్తు రాసిపెట్టి ఊరుకోకండి; ఆ తల్లి అడిగిన ప్రశ్నను ఆమెతో కలిసి కార్యాలయం గుమ్మంలో నిలబడి అడగండి.