ఈవారం కబురు: కత్తి మెడ మీద జాతకం

‘ది గ్రేట్ డిక్టేటర్’ (1940) చూశారు కదూ? అందులో చాప్లిన్ బ్రామ్స్ సంగీతానికి తాళం తప్పకుండా ఒకాయనకి గడ్డం గీసేస్తాడు. చూసినవాళ్లంతా పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వాను గానీ, నా కళ్లు మాత్రం ఆ మడత కత్తి మీదే! ఎవరి పిచ్చి వాళ్లకానందం.

మీ తాతగారి పెట్టెలో అలాంటి కత్తి దొరికిందా? అయితే గురూ, ఉప్పు కాగితం జోలికి మాత్రం వెళ్లకండి. నేను వెళ్లాను. అమ్మ వాళ్ల నాన్నగారి కత్తిని ఓ ఆదివారం కూర్చుని తెగ రుద్దాను. సాయంత్రానికి అద్దంలా మెరిసింది. దాని మెడ మీదున్న కిరీటం బొమ్మా, పక్కనున్న రెండక్షరాలూ హుళక్కి! ఆ అక్షరాలే దాని జాతకమని తర్వాత తెలిసింది.

మెడ అంటే, పదునుకీ పిడికీ మధ్యనుండే మొద్దు భాగం. ఇంగ్లండులో షెఫీల్డ్ కత్తులవాళ్లు పేరూ, ముద్రా అక్కడే కొట్టేవారు. కిరీటంతోపాటు డబ్ల్యూ.ఆర్. అని ఉంటే నాలుగో విలియం రాజు కాలం, అంటే 1830–37. వి.ఆర్. అంటే విక్టోరియా, 1837–1901. జి.ఆర్. తోనే వస్తుంది చిక్కు. 1830కి ముందూ జార్జిలే, 1910 తర్వాతా జార్జిలే! అప్పుడు కత్తి ఒంటితీరు చూడాలి. బాగా పాతవి దళసరిగా ఉంటాయి. 19వ శతాబ్దం చివరికి పక్కలు గుంటగా అరగదీసిన పల్చటివి వచ్చాయి. జర్మనీలో జోలింగెన్ పనివాళ్లు అందులో ఘనులు. దేశం పేరు కూడా ఉంటే చాలావరకు 1891 తర్వాతదే. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా అప్పుడే చట్టం అమలు చేసింది.

ఇక పిడి. మొదట్లో కొమ్ము, దంతం. 1870 తర్వాత దంతంలా కనిపించే సెల్యులాయిడ్ వచ్చింది. అవునండీ, మన పాత సినిమా రీళ్ల సెల్యులాయిడే! రోగం కూడా అదే. ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తానే చెడిపోతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. 2003లో పుణెలో మన పాత నైట్రేట్ ఫిల్ములు ఎన్నో అలాగే కాలిపోయాయి. కత్తి పిడి చెడితే అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి ఉక్కుని తినేస్తుంది. నీటిచుక్క తగలకపోయినా, మడిచినప్పుడు పిడిలో దాగే భాగమంతా తుప్పే! అలాంటి పిడిని రివెట్లు తీయించి వేరుచేయాలి. మూత బిగించిన డబ్బాలోనూ, పొయ్యి దగ్గరా పెట్టకూడదు.

తుప్పుకి కుట్టుమిషను నూనె, మెత్తటి గుడ్డ, బోలెడు ఓపిక. అక్షరాల దగ్గర మరీ నెమ్మది. సాన పట్టేటప్పుడు వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి, ఎంత వాలులో పట్టాలో కత్తే చెబుతుంది. అంచు మీద తుప్పు గుంటలుంటే మాత్రం గడ్డం దగ్గరికి తేవద్దు బాబూ!

మా తాతగారి కత్తి పిడి కొమ్ముది, ఇంకా గట్టిగానే ఉంది. అక్షరాలే లేవు. వి.ఆర్. అని అమ్మ అంటుంది. అంటే ముత్తాతగారి నుంచి వచ్చిన కత్తన్నమాట. కాదు, జి.ఆర్., నాన్నే స్వయంగా కొనుక్కున్నాడంటాడు మావయ్య. ప్రతి సంక్రాంతికీ ఇదే గొడవ. ఇద్దరూ చివరికి నా వంక చూస్తారు. నేను గారెల పళ్లెం వంక చూస్తాను.