మీట ఎవరి చేతిలో ఉండాలి?

మా ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీలో నాలుగు చక్రాల ప్రయోగపు రోబో వొకటి ఉంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు మొన్న మొన్నటి దాకా వొకే వొక కంప్యూటర్లో ఉండేది. ఆ కంప్యూటరు ముందు ఎప్పుడు చూసినా మా ఫైనలియర్ వాళ్ళమే. జూనియర్లు వెనకాల నుంచుని మునివేళ్ళ మీద లేచి చూడవలసిందే. "అన్నయ్యా, మా వంతు ఎప్పుడొస్తుంది?" అని వొక అమ్మాయి అడిగేసరికి నాకు సిగ్గేసింది. రోబోను బ్రౌజరులోంచే నడపాలని నేను పట్టుబట్టింది అందుకే.

అందరి ఫోన్లలోనూ బ్రౌజరు ఉండనే ఉంది గదా! వేరే ఏదీ ఎక్కించుకోనక్కరలేదు. రోబో చిరునామా కొడితే పేజీ వస్తుంది. ఇదేమీ కొత్త వింత కాదు. 1994లోనే అమెరికాలో, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెన్ గోల్డ్‌బర్గ్ బృందం వొక రోబో చేతిని వెబ్‌కి తగిలించింది. ఎక్కడెక్కడివాళ్ళో దానితో గాలి ఊది, ఇసుకలో పాతిన వస్తువులను బయటపెట్టారు.

"బ్రౌజరయితే ఆలస్యం" అన్నారు కొందరు మిత్రులు. ప్రతి ఆజ్ఞకూ విడిగా అడిగి జవాబుకోసం కూర్చునే పాత పద్ధతిలో ఆ మాట నిజమే. 2011లో ప్రమాణంగా స్థిరపడిన వెబ్‌సాకెట్‌తో ఆ బాధ తగ్గింది. వొకసారి కలిపిన లైను తెరిచే ఉంటుంది. మా గదిలోని వైఫైలో బండి నడపడానికి ఆ వేగం సరిపోయింది.

అయితే వొక పొరపాటు చేశాం. బండి ముందుకు పోతుండగా వైఫై తెగింది. ఫోనులో "ఆపు" బొత్తాం ఎన్నిసార్లు నొక్కినా లాభం లేకపోయింది. చివర విన్న ఆజ్ఞనే పట్టుకుని పోయి గోడను గుద్దింది, ముందు చక్రం విరిగింది. తప్పు బ్రౌజరుది కాదు, మాది. ఇప్పుడు పేజీ సెకనుకు 10 సార్లు ఆజ్ఞ పంపుతుంది. అర సెకను పాటు ఏమీ వినబడకపోతే రోబో తనంతట తానే ఆగుతుంది. మోటార్లకు కరెంటు కోసేసే ఎర్ర స్విచ్చి కూడా దాని వీపు మీదే పెట్టాం. వొకసారికి వొకరే నడపాలి, తక్కినవాళ్ళు చూడాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ: నడిపే అవకాశం అందరికీ ఇవ్వండి, ఆగే ఏర్పాటు మాత్రం రోబోలోనే ఉంచండి. అధ్యాపకులు జూనియర్లకు వారానికి వొక పూట కేటాయించాలి. పూర్వ విద్యార్థులు పాత ఫోన్లు పారేయక మా లేబొరేటరీకి ఇవ్వాలి. ఫోను లేనివాళ్ళకూ వంతు రావాలి గదా!