పరదేశమున మన పొయ్యి: గట్క, పొలెంత



పాలమూరు, నల్లగొండ సీమలవారికి వలస యను మాట క్రొత్తది కాదు. పాలమూరు మట్టిపనివారు పలుగు, పార భుజమున వేసికొని దేశమందలి ఆనకట్టలకును, కాలువలకును పనికి పోయిరి. నల్లగొండ పద్మశాలీలు మగ్గమును నమ్ముకొని షోలాపురము, భివండి, సూరతు నగరములకు చేరిరి. ఇప్పుడు ఆ యిండ్ల బిడ్డలే కొందఱు చదువులకును, ఉద్యోగములకును సముద్రములు దాటుచున్నారు. అమెరికా సంగతి ప్రతి యింటను తెలిసినదే. ఇటలీదేశమందలి మిలాను, తొరినో నగరముల విద్యాలయములకు పోవు పిల్లలును, భర్తల వెంట అచటికి కాపురమునకు పోవు కోడండ్రును కలరు. మిలానులో కాపురముండి మేమెఱిగిన వంటింటి సంగతులను, ఆదివారపు ప్రయాణములను ఈ నెల మీకు విన్నవించుచున్నాము.

ఇంటినుండి వచ్చు మొదటి ప్రశ్న యెప్పుడును ఒక్కటే: "ఏం తింటున్నవు బిడ్డా?" ఈ ప్రశ్నకు సమాధానము పెట్టె సర్దుకొనునాడే మొదలగును. యూరపు సమాఖ్యకు వెలుపలి దేశములనుండి వచ్చు ప్రయాణికులు మాంసమును, పాలతో చేసిన పదార్థములను వెంట తేరాదని అచటి నియమము. అమ్మ ప్రేమతో కాచి పోసిన నెయ్యి, పాలకోవ, ఎండుమాంసపు తునకలు విమానాశ్రయముననే తీసివేయబడును. పచ్చి కరివేపాకు, కూరగాయలు, పెక్కు పండ్లు కూడ తనిఖీపత్రము లేనిదే రానీయరు. పల్లీల పొడి, ఎండుకారము, చింతపండు, కరివేపాకు పొడి మేలు. నెయ్యి కావలెనన్న అచటి వెన్న కొని కాచుకొనుటయే. ఆ వెన్నలో ఉప్పుండదు గనుక నెయ్యి చక్కగా వచ్చును.

దేశమున అడుగుపెట్టిన 8 పనిదినములలో పెర్మెస్సో యను నివాసానుమతికై తపాలా కార్యాలయమున దరఖాస్తు ఈయవలెను. దానిపై 16 యూరోల స్టాంపు అంటింపవలెను. కోదిచె ఫిస్కాలె యను 16 అక్షరముల, అంకెల గుర్తు లేనిదే ఇల్లు అద్దెకు తీసికొనుటయు, వైద్యుని కడ పేరు వ్రాయించుకొనుటయు జరుగవు. చిన్న యూళ్ళలో మధ్యాహ్నము అంగళ్ళు మూసి, మరల సాయంకాలము తెఱతురు. కాఫీ నిలుచుండి త్రాగిన వెల తక్కువ, కూర్చుండిన పెక్కుచోట్ల ఎక్కువ. వంటింటి తుక్కును, కాగితములను, గాజును, ప్లాస్టిక్కును వేర్వేరు డబ్బాలలో వేయవలెను. మొదట ఇది పెద్ద తంటాగా తోచును. నెల తిరుగునప్పటికి చేతికి అలవాటగును.

మిలాను వీథులలో ఆకుపచ్చని ఇనుప స్తంభములు వందలకొలది కలవు. వాని ఇత్తడి నోటినుండి మంచినీరు రేయింబవళ్ళు ధారగా పడుచుండును. ఎవరైనను సీసా నింపుకొనవచ్చును, పైసా ఈయనక్కఱలేదు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన మనుజులను నల్లగొండ పల్లెలలో చూచినవారము గనుక, ఆ ధారను మేము తేలికగా దాటి పోజాలము.

ఇక కూర, నార. కంది, పెసర, మినుములు, జొన్నపిండి మిలానులో వియా పాదొవా వంటి వీథులలోని భారతీయుల, బంగ్లాదేశీయుల, శ్రీలంకవారి అంగళ్ళలో లభించును. సెనగలు, సెనగపిండి, మసూరపప్పు ఇటలీవారి అంగళ్ళలోనే దొరకును. గంగవాయిలి కూర వారి తోటలలోను తనంత తానే మొలచును. పోర్తులాక యని దానికి వారి పేరు. పుంటికూర మాత్రము అరుదు. శాకాహారులు ఒక సంగతి తెలిసికొనవలెను. పార్మిజానో యను ప్రసిద్ధమైన జున్నును దూడ కడుపునుండి తీసిన రసముతో పాలు విఱిచి చేయుదురు. మిలానువారి పసుపుపచ్చని కుంకుమపువ్వు అన్నమును మాంసపు రసములో ఉడికింతురు. తినబోవుటకు ముందు అడుగుట తప్పు కాదు, అడిగినవారికి వారు విసుగులేక చెప్పుదురు.

ఆదివారమునాడు సద్ది కట్టుకొని రైలెక్కుట మా యలవాటు. కాగితపు టికెట్టు తీసికొన్నచో ఎక్కుటకు ముందు వేదికపై నున్న యంత్రములో ముద్ర వేయించవలెను, లేనిచో జరిమానా. మిలానునుండి గంటలోపల బెర్గామో చేరవచ్చును. క్రింది పట్టణమునుండి కొండమీది పాత పట్టణమునకు త్రాటిరైలు కలదు. వెనిసువారు కట్టిన ఆ కోటగోడలను యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. కాని మేము మీకు చెప్పదలచినది గోడలనుగూర్చి కాదు, కొండమీది భోజనశాలలలో వడ్డించు పొలెంతనుగూర్చి.

పొలెంత యన మన గట్కయే. మొక్కజొన్న రవ్వను మరుగు నీటిలో పోసి, రాగి పాత్రలో కఱ్ఱతెడ్డుతో ముప్పావు గంట కలుపుదురు. గట్టిపడిన పిదప చెక్కపలకపై కుమ్మరించి దారముతో కోయుదురు. మన యిండ్లలో జొన్నరవ్వతోనో, మక్కరవ్వతోనో వండి, మజ్జిగ పోసికొని, పచ్చిపులుసో తొక్కో నంజుకొని తిను గట్కకును దీనికిని భేదము చాల తక్కువ. ఒకనాడు ఇది ఉత్తర ఇటలీలో నిరుపేదల తిండి. దక్షిణమువారు ఉత్తరమువారిని ఎగతాళిగా 'పొలెంతోనీ' యందురు, అనగా పొలెంత తినువారని. నేడు ఆ పొలెంతనే బెర్గామో తన గౌరవముగా అతిథికి వడ్డించును. మన పల్లెలలో పెండ్లివిందున గట్క వడ్డించుటకు నేటికిని సిగ్గుపడువారు కలరు గదా!

అయితే పొలెంత కథ అంతటితో ముగియదు. మొక్కజొన్న అమెరికా ఖండపు పంట. కొలంబసు ప్రయాణముల తరువాత 16వ శతాబ్దమున ఇటలీకి వచ్చినది. ఎక్కువ పండును, తక్కువ వెలకు దొరకును గనుక, లొంబార్దీ, వెనెతో సీమల పేద రైతులు క్రమముగా మూడుపూటల దానినే తినసాగిరి. అంతట చర్మము మండి, పగిలి, కడుపు చెడి, తుదకు మతి తప్పించు వ్యాధి వారిని పట్టుకొన్నది. మిలాను వైద్యుడగు ఫ్రపోల్లి 1771లో దానిని పెల్లాగ్ర యనెను, గరుకైన చర్మమని ఆ మాటకు అర్థము. 1880 ప్రాంతమున ఇటలీలో లెక్కించినప్పుడు దాదాపు లక్షమంది రోగులు తేలిరి. కారణము చిరకాలము తెలియలేదు. గింజ చెడినదని కొందఱు, అంటువ్యాధి యని కొందఱు అనిరి. అది ఆహారలోపమని అమెరికాలో గోల్డుబర్గరు అను వైద్యుడు 1914 తరువాత నిరూపించెను. ఆ లోపించినది నియాసిన్ అను విటమినని 1937లో తేలినది.

ఇందొక విచిత్రము కలదు. ఆ మొక్కజొన్ననే వేలయేండ్లుగా తిను మెక్సికో ప్రజలకు ఈ వ్యాధి లేదు. ఏలన, అచటి స్త్రీలు మొక్కజొన్నలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుదురు. గింజలో బంధింపబడియున్న నియాసిన్ అందువలన విడిపడి దేహమునకు అందును. తోడుగా చిక్కుడుగింజలు తిందురు. ఓడలవారు గింజను తెచ్చిరి గాని, ఆ గింజను వండు స్త్రీలను ఎట్లు వండుదురని అడిగినవారు లేకపోయిరి. ఆ ఒక్క ప్రశ్న అడుగకపోవుటచే తరతరముల పేదలు బాధపడవలసి వచ్చెను.

ఇది పరాయివారి కథ యని అనుకొనకుడు. జొన్నయే ముఖ్యాహారముగా గల మన తెలంగాణమునను పెల్లాగ్ర కనబడినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతయ్య గారలు జొన్నలో ల్యూసిన్ అను అంశము ఎక్కువగుట ఇందుకు కారణమని 1960లో ప్రకటించిరి. ఆ భావనపై పిమ్మట వాదములు జరిగినవి. కాని జొన్న యొక్కటే తినిన పేదకూలికి వ్యాధి వచ్చుననియు, పప్పు, పాలు, పల్లీలు, మాంసము తోడైనచో రాదనియు అందఱు ఒప్పుకొందురు. దోషము జొన్నది కాదు, జొన్నకు తోడు దొరకనీయని లేమిది. రొట్టెతో పల్లీల కారము, గట్కపై మజ్జిగ, అంబలితో ఉల్లిగడ్డ పెట్టిన మన పెద్దలకు విటమిను పేరు తెలియదు. తోడు లేనిదే కడుపు నిండదని మాత్రము వారికి బాగుగా తెలియును. పాలమూరు ఎఱ్ఱనేలలో పల్లి పండుట ఎంత మేలయ్యెనో చూడుడు!

1983లో రెండురూపాయల కిలోబియ్యము వచ్చిన పిదప మన యిండ్లలో జొన్న వెనుకబడినది. ఆకలి తీరినది, అందుకు సంతోషింపవలసినదే. కాని తెల్లన్నమును ఒక్క తొక్కుతో తినుటయు తోడులేని తిండియే యగును. పరదేశమున ఒంటరిగా నున్న మన విద్యార్థులలో పలువురు చేయునది అదియే. అన్నము, అమ్మ పంపిన తొక్కు. లేదా ఉడికించిన పాస్తా, పైన ఇంత కారము. సీసాలో తొక్కు ఉన్నంతకాలము ఇంటి తిండియే తినుచున్నామని వారి నమ్మకము.

వెర్చెల్లి ప్రయాణమును గూడ చెప్పి ముగింతుము. యూరపులో అన్ని దేశములకన్న ఎక్కువ వరి పండించునది ఇటలీ. మిలానునుండి తొరినో పోవు రైలు వెర్చెల్లి మీదుగా పోవును. వసంతమున పొలములకు నీరు పెట్టినప్పుడు ఆ సీమయంతయు గళ్ళు గీచిన సముద్రమువలె నుండును, వారును దానిని గళ్ళ సముద్రమనియే యందురు. ఆ నీరు పారించుటకు 1863 మొదలు 1866 వఱకు 85 కిలోమీటర్ల కవూరు కాలువను త్రవ్విరి. 1967లో నాగార్జునసాగరు నీరు వదలిన పిదప ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ ప్రాంతము పచ్చనైనట్లే ఆ సీమయు మాఱినది.

ఆ పొలములలో కలుపు తీసినవారు, నాటు వేసినవారు స్త్రీలు. మొందీనె యని వారి పేరు. ఎమీలియా, వెనెతో పల్లెలనుండి పిల్లలను ఇంట విడిచి రైళ్ళలో వచ్చి, మే నెల చివరనుండి నలువది దినములు మోకాటి నీటిలో వంగి పనిచేసెడివారు. కూలితోపాటు దినమునకొక కిలో బియ్యము వారికి ముట్టెడిది. నడుము నొప్పి మఱచుటకు పాటలు పాడిరి. పనిదినము 8 గంటలకు మించరాదని 20వ శతాబ్దపు తొలి యేండ్లలో సమ్మె చేసి గెలిచిరి. కలుపుమందులు, యంత్రములు వచ్చి 1960 దశకమునకు ఆ పని అంతరించినది. నాట్లకు పోయి నడుము నొచ్చిన మన తల్లులకు వారి కథ వేఱుగా చెప్పనక్కఱలేదు. వెర్చెల్లివారి పనిస్స యను వంటకము బియ్యమును, చిక్కుడుగింజలను కలిపి వండునది. అందు పందిమాంసమును వేయుదురు. కూలియింటి తిండిలోనే బియ్యమునకు పప్పుజాతి తోడైనది చూచితిరా?

కావున పిల్లలను పంపు తల్లులకు మా మనవి. పెట్టెలో తొక్కు సీసాతోపాటు, దానిని దేనితో తినవలెనో కూడ చెప్పి పంపుడు. కుమారులకును కుమార్తెలకును సమానముగా పప్పు వండుట, పెరుగు తోడు పెట్టుట నేర్పుడు. ఇటలీలో బ్రమాత యను ముతక మొక్కజొన్న రవ్వ ప్రతి అంగడిలో దొరకును. ఒక గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీరు మరిగించి, ఉప్పు వేసి, ఉండకట్టకుండ రవ్వను జారవిడుచుచు, సన్నని మంటపై ముప్పావు గంట కలుపవలెను. చల్లాఱిన పిదప పెరుగును చిలికి మజ్జిగగా పోసి, పల్లీల కారమును, వెల్లుల్లితో వేయించిన పాలకూరనో గంగవాయిలినో ప్రక్కన పెట్టినచో కడుపుకును కంటికిని నిండైన భోజనమగును. పొరుగింటి ఇటలీ ఇల్లాలిని పిలిచి పెట్టుడు. మా పొరుగామె రుచి చూచి, తన అవ్వ కూడ పొలెంతను పాలతోనే పెట్టెడిదని చెప్పి, రెండవమారు వడ్డించుకొన్నది.

మీ మీ యూళ్ళలో గట్కకు ఏమి తోడు పెట్టుదురో, అంబలి ఎన్ని గంటలు పులియనిత్తురో సోదరీమణులు మాకు వ్రాయ గోరుచున్నాము. అవ్వలను అడిగి, కొలతలతో వ్రాయుడు. దూరదేశమున పొయ్యి వెలిగించు బిడ్డలకు అది నేతికన్న మిన్నగా పనికివచ్చును. దానిని ఏ విమానాశ్రయమునను తీసివేయరు.